ఊరికే రంగులు

"ఇందులో ఏముంది?" అని మా ఆయన అడిగినప్పుడల్లా నా జవాబు ఒకటే. "ఏమీ లేదండీ, ఊరికే రంగులు." గిన్నెలు తోమిన సింకులోనే కుంచెలు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండా చెప్తాను. తిరిగితే నా ముఖం చూసి ఇంకో ప్రశ్న వేస్తాడేమోనని. ఆయన కాసేపు నా వీపు వెనకాల నిలబడి, "ఆ కంపు అన్నంలోకి కూడా వస్తోంది" అనో, "ఉన్న పనే తెమలదు, మళ్ళీ ఇదొకటా" అనో అని వెళ్ళిపోతాడు. చెప్పుల చప్పుడు హాల్లోకి వెళ్ళిందని తెలిశాకే నేను ఊపిరి పీల్చుకుంటాను.

నేను మనుషుల బొమ్మలు మానేసిందే ఆ ప్రశ్నకి భయపడి. పెళ్ళైన కొత్తలో ఒకసారి కిటికీ దగ్గర కూర్చున్న ఆడమనిషిని వేశాను. మంచి బొమ్మే. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఎవరిది? ఎందుకలా ముఖం వేలాడేసుకుంది? చూసినవాళ్ళు నేను నిన్ను తిండి పెట్టక మాడుస్తున్నాననుకోరూ?" అన్నాడు. ఆ సాయంత్రం ఎలా గడిచిందో నా ఒంటికి ఇంకా గుర్తే. అప్పుడు అర్థమైంది. ముఖం వేస్తే దానికి కళ్ళుంటాయి. కళ్ళుంటే అవి ఎటో చూస్తాయి. ఎటు చూస్తున్నాయని ఎవరో ఒకరు అడుగుతారు. గీతకి ఆ బాధ లేదు. గీతని పట్టుకుని నిలదీసేవాళ్ళెవరూ ఉండరు. అలా నేను అర్థం కాని బొమ్మల్లోకి వెళ్ళి దాక్కున్నాను. దాన్ని కళ అనేవాళ్ళుంటే అననివ్వండి, నాకు మాత్రం అది మంచం కిందికి దూరడం.

వాచీ సంగతి చెప్తే తప్ప మిగతాది బోధపడదు. అది మా మామగారిది. బంగారు రంగు డయలు, గోధుమరంగు తోలు పట్టీ. ఆయన పోయాక మా ఆయన చేతికొచ్చింది. కోపం వస్తే మా ఆయన అరవడు. అరిచే మగవాళ్ళ సంగతి పక్కింటికి తెలిసిపోతుంది కదా. మా పక్కింటావిడ ఈ రోజుకీ "మీ ఆయన నోట్లో నాలుక లేని మనిషమ్మా, అదృష్టవంతురాలివి" అంటుంది. ఆయన ముందు వీధి తలుపు గడియ పెడతాడు. కిటికీ తెర లాగుతాడు. ఆ తర్వాత తీరిగ్గా వాచీ విప్పి అద్దం బల్ల మీద పెడతాడు. టక్. పాత వాచీ, దెబ్బ తగిలితే ఆగిపోతుందని భయం. నాన్నగారి గుర్తు, దానికేమీ కాకూడదు. ఆ తర్వాత జరిగేది నేను చెప్పను. నిజానికి ఆ టక్ దగ్గరే అంతా అయిపోతుంది నాకు, మిగతాదంతా ఒళ్ళు నొప్పులు. కొట్లో ఎవరైనా గాజుబల్ల మీద తాళం చెవులు పెట్టినా నా భుజాలు చెవుల దాకా లేస్తాయి.

అత్తయ్య మాతోనే ఉంటుంది. ఆ చప్పుడు వినగానే తన గదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకుంటుంది. ఆవిడకి ఎడమ చెవి పూర్తిగా పోయింది కాబట్టి గట్టిగానే పెడుతుంది. "ఆ చెవికి ఏమైంది అత్తయ్యా?" అని ఒకసారి అడిగితే, "జలుబు చేసి పోయింది" అంది. మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో చెయ్యెత్తలేక అవస్థ పడుతుంటే, నూనె వెచ్చచేసి తెచ్చి భుజానికి రాస్తుంది. రాస్తూ, "ఇంటి గుట్టు లంకకి చేటమ్మాయ్, నోరు జాగ్రత్త" అంటుంది. ప్రేమగానే అంటుంది. నాకు ఆ ప్రేమంటేనే ఎక్కువ భయం. ఏదో ఒకరోజు నేను కూడా ఇంకెవరి భుజానికో నూనె రాస్తూ అదే మాట అంటానేమోనని.

నేను స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. అంటే పిల్లలకి డ్రాయింగ్ చెప్తానని కాదు. ఎవరొచ్చినా స్వాగతం బోర్డు రాయాలి, సైన్సు టీచరుకి గుండెకాయ బొమ్మ వేసి పెట్టాలి, హెడ్మిస్ట్రెస్ మనవడి పుట్టినరోజుకి వాళ్ళింటి గోడ మీద ఏనుగులు వేయాలి. పరీక్షలు దగ్గరపడితే నా పీరియడ్లన్నీ లెక్కల మాస్టారు ఎత్తుకుపోతాడు. "మీదేముంది మేడం, రంగులే కదా" అంటాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. ఆ రంగులే నాకు దిక్కని అతనికేం తెలుసు. శనివారం మధ్యాహ్నాలు చార్టుల పని ఉందని ఇంట్లో చెప్పి, స్కూలు స్టోరు గదిలో, విరిగిన బెంచీల మధ్య నా బొమ్మలు వేసుకునేదాన్ని. అక్కడ కూడా ఒక చెవి తలుపు వైపే ఉండేది. ఆ తలుపు నా ఎడమ పక్కన.

ఈ మధ్య వేసిందే అన్నిట్లోకీ పెద్దది, నా ఎత్తు ఉంటుంది. బూడిద రంగు పూసి, దాని మీద ముదురు గోధుమ గీతలు నిలువుగా మొదలుపెట్టాను. ఎంత నిలువుగా వేద్దామన్నా అవి కుడి వైపుకే ఒరిగిపోయాయి. చివరికి కుడి అంచున ఒకదాని మీదొకటి ఎక్కి ఇరుక్కున్నాయి. ఎడమవైపు కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒకరోజు చూసుకుంటే చిన్న గుండ్రం, మాసిన పసుపు రంగులో. సీసా మూత అక్కడ ఆనించి మర్చిపోయినట్టున్నాను. గీకేశాను. గీకేశాక బొమ్మ మొత్తం అబద్ధమాడుతున్నట్టు అనిపించింది. ఎందుకో తెలీదు, సన్న కుంచె తీసుకుని ఆ గుండ్రాన్ని ఉన్నచోటే మళ్ళీ వేశాను. మూత మరకే కదా, ఉంటే ఏం పోయింది అనుకున్నాను.

పిల్లల బొమ్మల పోటీకి బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన గ్యాలరీ ఆవిడ, కుర్చీ వెతుక్కుంటూ ఆ గదిలోకి తొంగి చూసి అక్కడే నిలబడిపోయింది. "ఇది నాకివ్వండి, ఆదివారం ప్రదర్శనలో పెడతాను" అంది. నేను వద్దని నోరు తెరిచేలోపే హెడ్మిస్ట్రెస్, "కింద మా స్కూలు పేరు వేయండి" అనేసింది. అంతటితో ఊరుకోక మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ సాయంత్రం నేను గుండె చిక్కబట్టుకుని ఇంటికొస్తే, ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. వాళ్ళ ఆఫీసు మేనేజరుకి ఇలాంటి ప్రదర్శనలంటే పిచ్చి, భార్యతో సహా వస్తానన్నాడట. "నాకు చెప్పకుండా ఇంత భాగోతం నడుపుతున్నావన్నమాట" అన్నాడు, నవ్వు చెదరకుండానే. ఆ మాట అక్కడితో ఆగేది కాదని నాకు తెలుసు. మేనేజరు వచ్చి వెళ్ళేదాకా వాయిదా పడింది, అంతే. మర్నాడు స్కూలుకొచ్చి బొమ్మ చూశాడు.

"ఏంటిది?"

"ఊరికే రంగులండీ."

"ఊరికే అంటే మేనేజరుగారికి ఏమని చెప్పను? 'వాన' అని పెట్టు. వానలాగే ఉంది. మరి ఇక్కడ ఈ మరకేంటి?"

"మూత మరకండీ."

"ఒంటి మీద ధ్యాసుంటేగా నీకు" అన్నాడు.

బొమ్మకి పేరు పెట్టాడు కాబట్టి ఇక దాని జోలికి రాడని కాస్త కుదుటపడ్డాను. వాన అంటే ఎవరికేం అభ్యంతరం? వానలో ఎవరి గుట్టూ ఉండదు.

ఆ గ్యాలరీలో ఒక పద్ధతి ఉందని నాకు ముందే తెలిసుంటే, ఆదివారం పొద్దున్నే జ్వరమని దుప్పటి కప్పుకునేదాన్ని. బొమ్మ వేసినవాళ్ళు దాని పక్కన నిలబడాలి, నోరు మాత్రం మెదపకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ళే ఒక్కొక్కరూ తమకేం కనిపిస్తోందో చెప్పాలి. ఎవరేం చెప్పినా తప్పు లేదు. అందరూ అయ్యాక, వేసినవాళ్ళు బొమ్మ పేరొక్కటి చెప్పొచ్చు. గ్యాలరీ ఆవిడ గుంపుని వెంటేసుకుని బొమ్మ నుంచి బొమ్మకి తీసుకెళ్తూ, "బొమ్మలో సగమే వాళ్ళు వేస్తారండీ, మిగతా సగం మీరు మీ ఇంటినుంచి తెచ్చుకుంటారు" అని నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

నా కంటే ముందు ఒక గడ్డపాయన బొమ్మ. నిండా ఎరుపు. ఒకరు సూర్యాస్తమయం అన్నారు, ఒకరు ఆపరేషన్ థియేటర్ అన్నారు. ఒకాయన "మా ఆవిడ కోపం" అంటే అందరూ గొల్లుమన్నారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. మేనేజరు భార్య మాత్రం ముందు మొగుడి ముఖం చూసి, ఆయన నవ్వుతున్నాడని తేల్చుకుని, అప్పుడు నవ్వింది. అలాంటి నవ్వు నాకు బాగా తెలుసు, నేనూ అదే నవ్వుతాను.

తర్వాత నా దగ్గరికొచ్చారు. నేను బొమ్మకి కుడిపక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను, ఆ గీతల్లాగే. అది తర్వాత తోచిన సంగతి.

"వాన" అన్నాడు మేనేజరు, కాగితంలో చూసి చదివినంత ధీమాగా. "స్పష్టంగా వాన."

"నిజమేనండీ, మీరు భలే పట్టారు" అన్నాడు మా ఆయన, రాత్రి ఆయనకి ఫోన్లో చెప్పింది తనే అయినా.

"మీకు?" అని గ్యాలరీ ఆవిడ ఇంకొకాయన్ని అడిగింది. ఆయన రైల్వేలో చేసి మానేశాడట. "వాన కాదండీ, ప్లాట్‌ఫారం. రైలు కదులుతుంటే జనమంతా ఒక్క తలుపు మీద పడ్డట్టుంది. చూడండి, ఆ చివర ఎలా తోసుకుంటున్నారో." ఏం ఫరవాలేదు, జనం, రైలు, అందులో మా ఇల్లు లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు కదా. వాళ్ళు ఆదివారం పొద్దుపోక పొడుపుకథ విప్పుతున్నారు, నేను ఒక్కో మాటకీ మా ఆయన కనుబొమలు చూస్తున్నాను.

అప్పుడు కారు తాళం చేతిలో తిప్పుతూ ఒకావిడ ముందుకొచ్చింది. "నేను డ్రైవింగ్ నేర్పుతానండీ" అంది. "నాకిది పరుగులా లేదు, ఒరగడంలా ఉంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి భయమేస్తే ఇలాగే ఒరుగుతారు. ఎటునుంచి దెబ్బ తగులుతుందనుకుంటే దానికి అవతలి వైపుకి. వాళ్ళకి తెలీకుండానే ఒరుగుతారు."

"ఇక్కడ దెబ్బ ఎటునుంచి?" అంది గ్యాలరీ ఆవిడ.

డ్రైవింగ్ ఆవిడ బొమ్మకి తగలకుండా వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఈ గుండ్రం. బొమ్మంతా దీన్ని చూసే భయపడుతోంది."

నేను అప్పుడు చూశాను. నా చేత్తో వేసి, గీకి, మళ్ళీ వేసిన గుండ్రాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. మాసిన బంగారు రంగు. నేను అంచు చుట్టూ తెలీకుండా గీసిన సన్నటి గోధుమ గీత. దాని కింద కాస్త మెరుపు, అద్దం మీద నీడ పడ్డట్టు. దాక్కోవడానికి వెళ్ళిన చోటికి ఆ వాచీని నేనే మోసుకెళ్ళి పెట్టుకున్నాను. ఇది నాకు కనిపించిందంటే ఆయనకీ కనిపిస్తుంది. తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి చూశాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అయ్యో, అది మరకండీ!" అన్నాడు అందరితో. "మూత పెట్టి మర్చిపోయింది. మా ఆవిడకి ఒంటి మీద తెలివుండదు, ఇంట్లోనూ ఇంతే."

కొందరు నవ్వారు. గ్యాలరీ ఆవిడ వంగి చూసి, "మరకైతే దాని అంచు ఇంత శ్రద్ధగా దిద్దరు కదండీ" అంది. ఆ తర్వాత, ఎందుకనిపించిందో, మాతో పాటు వచ్చి గుంపు చివర నిలబడ్డ అత్తయ్య వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, మీకేం కనిపిస్తోంది?"

అత్తయ్య ఏం చెప్తుందో నాకు తెలుసు. నాకేం తెలుస్తుందమ్మా, చదువుకున్నదాన్ని కాదు, అంటుంది. ఎవరేం అడిగినా అదే అంటుంది, కరెంటు పోయిందా అని అడిగినా. కానీ ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. బొమ్మకి చాలా దగ్గరగా వెళ్ళి, ఆ గుండ్రం ముందు వంగింది. ఎంతసేపో అలాగే ఉంది. మా ఆయన "అమ్మా, చాల్లే, నడుం పట్టేస్తుంది" అన్నాడు. ఆవిడ వినలేదు.

"చప్పుడొస్తోంది" అంది అత్తయ్య.

"చప్పుడా?"

"ఆఁ. టక్ మని. అద్దం మీద ఏదో పెట్టినట్టు."

ఎవరూ నవ్వలేదు. అత్తయ్య ఎడమ చెయ్యి మెల్లగా లేచి ఎడమ చెవిని కప్పుకుంది. దెబ్బ ఇప్పుడే పడబోతున్నట్టు తల కుడివైపుకి ఒరిగింది. ఆవిడకి తెలిసి చేసింది కాదది. జలుబుకి పోయిన చెవిని అలా ఎవరూ దాచుకోరు. ఇన్నేళ్ళూ నేను ఆవిడ టీవీ మోతని తిట్టుకున్నాను. ఆ మోత ఏ చప్పుడు వినకుండా ఉండటానికో, అది ఎంత పాత చప్పుడో నాకు అప్పుడు తెలిసింది. మామగారి వాచీ, మామగారి పద్ధతి, రెండూ కలిపే కొడుక్కిచ్చి పోయాడాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆయన కుడి చెయ్యి వెళ్ళి ఎడమ మణికట్టుని కప్పేసింది. అంతటితో ఆగినా బాగుండేది. నా వైపు చూస్తూ, పెదాల మీద ఆ నవ్వు అలాగే ఉంచి, ఆయన వేళ్ళు పట్టీ బకిల్ మీదికి వెళ్ళాయి. అలవాటు. ఆయనకి కూడా తెలీదు. బకిల్ సగం ఊడింది. అది మొదట చూసింది మేనేజరు భార్య. ఈసారి ఆవిడ మొగుడి ముఖం చూడలేదు. ఆ వేళ్ళు చూసింది, బొమ్మలో గుండ్రం చూసింది, తర్వాత నన్ను చూసింది. డ్రైవింగ్ నేర్పే ఆవిడ తాళం తిప్పడం ఆపేసింది.

"సరే, చివరగా బొమ్మ పేరు" అంది గ్యాలరీ ఆవిడ. గొంతు ఇందాకటిలా లేదు.

"వాన" అన్నాడు మా ఆయన. "ముందే చెప్పాం కదా, వాన అని."

"ఆవిడ చెప్పాలండీ."

ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. నాకు ఏడుపొచ్చేంత భయం వేసింది. 'వాన' అనేసి, అందరితో పాటు టీ తాగి, ఆయన పక్కన కార్లో కూర్చుని ఇంటికి వెళ్ళడం నాకు వచ్చిన పని. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా వచ్చు. గడియ, తెర, టక్. కానీ ఇప్పుడు వాన అన్నా అదే జరుగుతుంది, ఎందుకంటే ఆయన చూసేశాడు. ఇన్నేళ్ళుగా ఏమీ లేదండీ, ఊరికే రంగులండీ అన్నాను కదా, దానివల్ల ఏ ఒక్కరోజైనా తప్పిందా? తప్పలేదు. నోరు మూసుకుంటే భయం తగ్గుతుందని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు మా ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేదు. భయం ఎటూ తప్పదు. ఆ ఇంట్లో గడియ వెనకాల ఒక్కదాన్నే భయపడేకంటే, ఇంతమంది చూస్తుండగా ఇక్కడే భయపడితే నయమనిపించింది. ఇక ఆ కారు ఎక్కకూడదని కూడా అప్పుడే అనుకున్నాను.

చెప్పాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

మా ఆయన ముఖం పాలిపోయింది. "పద, ఇంటికి వెళ్దాం" అన్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని వేరే బొమ్మ వైపు చూడబోయాడు. వినీ విననట్టు జనం కదలబోయారు. ఇంకో రెండు అడుగులు వేస్తే ఆ మాట అక్కడే చచ్చిపోయి, మళ్ళీ ఊరికే రంగులు మిగిలేవి.

అప్పుడు అత్తయ్య బొమ్మ దగ్గర్నుంచి వచ్చి నా ఎడమ పక్కన, ఆయనకీ నాకూ మధ్యలో నిలబడింది. బొమ్మకేసే చూస్తూ, నా మణికట్టు పట్టుకుంది.

"ఏమన్నావమ్మాయ్?" అంది గట్టిగా, టీవీ మోతలో పిలిచినట్టు. "ఈ చెవిటిదానికి వినపడలేదు. అందరికీ వినపడేలా చెప్పు."

ఆవిడకి పోయింది ఎడమ చెవి. నేను చెప్పినప్పుడు నా వైపున్నది కుడి చెవి. గదిలో ఆ మాట అందరికంటే ముందు విన్నది ఆవిడే.

"దీని పేరు" అన్నాను, ఈసారి వీధి గుమ్మం దాకా వినపడేలా, "మా ఆయన వాచీ తీసి బల్ల మీద పెట్టాక."